ఈ చలికాలానికి నాలుగు పుస్తకాలు చాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లో ఉద్యోగం, మెట్రోలో రానూపోనూ గంటన్నర ప్రయాణం. కాలేజీ రోజుల్లో బాగా చదివేవారు. ఉద్యోగం, పిల్లలు, ఫోను వచ్చాక ఆ అలవాటు పోయింది. పోయిన డిసెంబరులో బుక్ ఫెయిర్‌కు వెళ్లి సంచి నిండా కొన్నారు. ‘వేయిపడగలు’ నవల మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు, మిగతావి సంచిలోంచి బయటికే రాలేదు. ఈ దీపావళి నుంచి సంక్రాంతి దాకా చదవడానికి మంచి జాబితా కావాలన్నారు. పదేళ్ల మీ పాపకు కూడా ఏదైనా చెప్పమన్నారు.

సూటిగా చెబుతాను. నాలుగు పుస్తకాలు పెట్టుకోండి, అంతకు మించి వద్దు. ఏది గొప్ప పుస్తకం అన్న లెక్క ఇప్పుడు పక్కన పెట్టి, మీకు రోజులో దొరికే సమయం ఎలాంటిదో చూసి ఎంచుకోండి. మెట్రోలో నిలబడి చదివే పావుగంటకు ఒకటి, ఆదివారం మధ్యాహ్నానికి ఒకటి, రాత్రి పడుకునే ముందు చదవడానికి ఒకటి, డిసెంబరు చివర వచ్చే వరుస సెలవులకు ఒకటి. ఆ నాలుగింటిలో కనీసం రెండు ఇప్పటికే మీ ఇంట్లో ఉన్న సంచిలోవే అయి ఉండాలి.

ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. కృష్ణా డెల్టాలో ఒక శాఖా గ్రంథాలయంలో చాలా ఏళ్లు గ్రంథపాలకురాలిగా చేసి రిటైరయ్యాను. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. పొద్దున వచ్చేవాళ్లంతా పేపర్ల కోసం వచ్చేవాళ్లు. పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు ఎక్కువగా సాయంత్రం వచ్చేవారు. ఎవరు ఏం తీసుకెళ్లారు, ఎప్పుడు తెచ్చారు, గడువు దాటాక కూడా ఎవరి దగ్గర ఉండిపోయింది, ఇవన్నీ రిజిస్టరులో నా చేత్తోనే రాసేదాన్ని.

వెనక్కి వచ్చిన పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి అంచు చూస్తే, జనం ఎక్కడిదాకా చదివారో తెలిసిపోతుంది. చదివిన పేజీల అంచు చేతి జిడ్డుకు మట్టిరంగు తిరుగుతుంది. చదవని పేజీలు తెల్లగా ఉండిపోతాయి. పెద్ద నవలల్లో చాలావాటికి మొదట వేలెడు మందం మట్టిరంగు, ఆ తర్వాత చివరి దాకా తెలుపే. ఆ రెండూ కలిసే చోట పుస్తకం తెరిస్తే ఒక బస్సు టికెట్టో, అగ్గిపుల్లో, మందుల చీటీ ముక్కో కనిపించేది. అదే నవల మరో ఊళ్లో మరో లైబ్రరీలో చివరి పేజీ దాకా నలిగి ఉండటమూ చూశాను. కాబట్టి పుస్తకం బాగా లేక ఆగిపోయారని అనుకోవడానికి లేదు. తీసుకెళ్లినవాళ్లతో మాట్లాడితే చాలాసార్లు ఒకే సంగతి తేలేది: వాళ్లకు దొరికే సమయానికీ, ఆ పుస్తకం అడిగే సమయానికీ కుదరలేదు.

ఒక అమ్మాయి గుర్తొస్తుంది. ఆస్పత్రిలో మందుల కౌంటర్లో నైట్ డ్యూటీ చేసేది. పేరున్న నవలలు తీసుకెళ్లి, గడువుకు ముందే తెచ్చేసి “నాకు చదువు అబ్బదు మేడమ్, ఏకాగ్రత లేదు” అనేది. డ్యూటీలో ఎలా చదువుతావమ్మా అని అడిగితే, పది నిమిషాలకోసారి ఎవరో ఒకరు చీటీ పట్టుకుని వస్తారంది. పది నిమిషాలకోసారి ఆపాల్సిన మనిషికి నలభై పాత్రలున్న నవల ఎలా ఎక్కుతుంది? కథల సంపుటాలు ఇచ్చాను. ఏడాది తిరిగేసరికి మా బీరువాలో ఉన్న కథల పుస్తకాలు దాదాపు అన్నీ చదివేసింది. కొత్తవి ఎప్పుడొస్తాయని నన్నే నిలదీసేది. ఏకాగ్రత ఆమెకు మొదటి నుంచీ ఉంది.

మీ విషయంలోనూ ఇదే జరిగిందని నా అనుమానం. వేయి పేజీలకు అటూఇటూ ఉండే నవలను మెట్రోలో, సీటు దొరికినప్పుడే, స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ చదవాలని చూసి ఉంటారు.

కాలానికి తగ్గ చదువు మనకు కొత్త కాదు. కార్తీక మాసంలో కార్తీక పురాణం రోజుకో అధ్యాయం చదువుతారు. ముప్పై రోజులు, ముప్పై అధ్యాయాలు. ధనుర్మాసంలో తిరుప్పావై రోజుకో పాశురం, అవీ ముప్పయ్యే. ఎంత చదవాలో, ఏ వేళకు చదవాలో, ఎప్పటికి పూర్తవుతుందో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. పెద్దగా బడికి వెళ్లని మా అమ్మమ్మ తరం ఆడవాళ్లు కూడా కూడబలుక్కుంటూ ఏటా పూర్తి చేసేవాళ్లంటే కారణం భక్తి ఒక్కటే అని నేననుకోను. ఆ కొలత కూడా కారణమే. మీకు భక్తి ఉన్నా లేకపోయినా ఆ పద్ధతి మాత్రం అరువు తెచ్చుకోవచ్చు.

అందుకే మీ మెట్రో ప్రయాణానికి సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’ చెబుతాను. సరిగ్గా వంద కథలు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారానికొకటి చొప్పున, బాపు బొమ్మలతో వచ్చినవి. పత్రికలో ఇచ్చిన కాస్త చోటులో ఇమడాలి కాబట్టి ఒక్కోటీ మూడు నాలుగు పేజీలకు మించదు. మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు ఒక కథ పూర్తయి, దాని గురించి ఆలోచించుకోవడానికి కూడా టైము మిగులుతుంది. రోజుకొకటి, కుదిరిన రోజు రెండు చదివితే సంక్రాంతికి అటూఇటూగా పుస్తకం అయిపోతుంది. ఒక మాట మాత్రం: వరసగా పది కథలు చదవకండి. ఊరు అదే, కృష్ణా నది అదే, గుడి అదే. ఒక్కసారే చదివితే అన్నీ ఒకటే అనిపిస్తాయి. వారానికొకటి చదివిన పాఠకులకు ఆ ఇబ్బంది రాలేదు.

మీ సంచిలో వేరే కథల పుస్తకం ఏదైనా ఉంటే అదే పెట్టుకోండి, దీన్ని కొనాల్సిన పని లేదు. సోమరాజు సుశీల గారి ‘ఇల్లేరమ్మ కతలు’ అయినా, మీ ప్రాంతం రచయిత ఎవరివైనా సరే. ప్రయాణంలో చదివే పుస్తకానికి చూడాల్సింది రెండే: ఒక్కో కథ పది నిమిషాల్లో అయిపోవాలి, పుస్తకం ఒంటి చేత్తో పట్టుకోగలిగేంత తేలికగా ఉండాలి. రెండోది చిన్న విషయం అనిపిస్తుంది గానీ, గట్టి అట్ట వేసిన లావుపాటి పుస్తకం బ్యాగులో మోయలేక ఇంట్లో పెట్టి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను.

ఆదివారం మధ్యాహ్నం సంగతి వేరు. చలికాలంలో భోజనం చేశాక మేడ మీద ఎండలో కుర్చీ వేసుకుంటే మూడు గంటలు ఇట్టే గడుస్తాయి. ఆ సమయానికి కథలు వద్దు. ఒక్క కూర్చోవడంలో ముగిసే చిన్న నవల కావాలి. నేను ఎక్కువమందికి ఇచ్చింది డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’. ఒక ముసలివాడు, తప్పిపోయిన పంది, అడవి, ఒక్క రాత్రి. కథంతా ఇంతే. దాన్ని మెట్రోలో ముక్కలు ముక్కలుగా చదివితే ఆ రాత్రి బిగువంతా పోతుంది. ఒక ఊపులో చదివితే ఆ ముసలివాడి అలసట మన ఒంటికి కూడా తెలుస్తుంది. చాలా కాలం తర్వాత చదువుకు తిరిగి వచ్చినవాళ్లకు ఇంకో మేలు కూడా ఉంది. ఒక నవల మొదలుపెట్టి అదే రోజు ముగించామన్న ధైర్యం వస్తుంది. నా లెక్కలో ఆ ధైర్యం చిన్నది కాదు. ఆగిపోయిన అలవాటును మళ్లీ నడిపించేది అదే.

అడవి అంటే గుర్తొచ్చింది. అనువాదాలు చదవడం మీకు ఇష్టమైతే బిభూతిభూషణ్ బందోపాధ్యాయ గారి ‘వనవాసి’ని సూరంపూడి సీతారాం గారు తెలుగు చేశారు. కలకత్తా నుంచి బీహారు అడవుల్లోని ఎస్టేటుకు మేనేజరుగా వెళ్లిన యువకుడి కథ. కప్పుకోవడానికి గుడ్డ లేక పొట్టు కుప్పల్లో దూరి పడుకునే పేదల చలి రాత్రులు అందులో ఉంటాయి. చలికాలం వచ్చింది కదా అని చలి గురించిన పుస్తకమే చదవాలని ఏమీ లేదు. కానీ దీన్ని డిసెంబరులో చదివినవాళ్లు, ఎండాకాలంలో చదివినవాళ్ల కన్నా ఎక్కువ గుర్తుపెట్టుకున్నారని నా పరిశీలన. ఇది మాత్రం ఒక్క పూటలో అయ్యేది కాదు, రెండు మూడు ఆదివారాలు పెట్టుకోండి.

రాత్రి పుస్తకం ఎంచుకునేటప్పుడే చాలామంది తికమకపడతారు. ‘పడుకునే ముందు గంటసేపు చదువుతాను’ అనుకుంటారు. ఉద్యోగం చేసి, వంటా పిల్లల హోంవర్కూ అయ్యాక మంచమెక్కే మనిషికి అంత ఓపిక ఉండదు. ఇరవై నిమిషాలు అనుకోండి. ఆ ఇరవై నిమిషాలకు ఉత్కంఠ వద్దు. సస్పెన్సు నవల పట్టుకుంటే నిద్ర పాడు, మరుసటి రోజు ఆఫీసు పాడు. మరీ బరువైన దుఃఖమూ వద్దు. ఎవరో పెద్దాయన పక్కన కూర్చుని తన బతుకు చెబుతున్నట్టుండే ఆత్మకథలు ఈ వేళకు బాగా కుదురుతాయి. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ నా మొదటి ఎంపిక. పండితుల ఇంట్లో పుట్టి, సంస్కృత చదువు చదివి, తెలుగు కథ మీద మనసు పడిన మనిషి కథ. గోదావరి సీమ ఇళ్లలో మాట్లాడే తెలుగు ఎంత అందంగా ఉంటుందో అందులో చూడాలి. ఎక్కడ ఆపినా నష్టం లేదు, మర్నాడు ఎక్కడ అందుకున్నా ఇబ్బంది లేదు. లావుగానే ఉంటుంది, సంక్రాంతికి పూర్తవదు, పరవాలేదు. రాత్రి పుస్తకానికి గడువు పెట్టుకోకండి.

ఇక నాలుగోది, వరుస సెలవులకు. మీరు సంక్రాంతి సెలవుల్లో పెద్ద నవల పూర్తి చేద్దామనుకుంటున్నట్టు రాశారు. ఇక్కడ మీతో ఏకీభవించలేను. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఊళ్లో, ఇంటి నిండా చుట్టాలు, పొద్దున్నే భోగి మంట, మధ్యాహ్నం పిండివంటలు, సాయంత్రం పేరంటాలు. ఆ మూడు రోజులు పుస్తకం పట్టుకుని మూల కూర్చుంటే బాగోదు కూడా. మా లైబ్రరీలో పండక్కి ముందు పెద్ద నవలలు పట్టుకెళ్లినవాళ్లు కనుమ తర్వాత వాటిని తీసుకెళ్లినట్టే తెచ్చి ఇచ్చేవాళ్లు. మీకు అసలు ఖాళీ దొరికేది క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం మధ్యలో. ఆఫీసుల్లో పని కాస్త నెమ్మదిస్తుంది, వాడుకోని సెలవులు మిగిలి ఉంటాయి. నవల ఆ పది రోజులకు పెట్టుకోండి.

ఏ నవల? మీరు మళ్లీ ‘వేయిపడగలు’ అందుకోవాలని చూస్తున్నారు. ఈ ఏడు వద్దని నా సలహా. ముందు డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’ చదవండి. 1950ల చివర ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఇందిర అనే పాత్ర ఒక్కదాని కోసమైనా చదవాలి. తండ్రి బాధ్యత, ఉద్యోగం, తన సుఖం, వీటి మధ్య ఎవరి సానుభూతీ అడగకుండా తన దారి తాను చూసుకునే మనిషి. అరవై ఏళ్లు దాటినా ఆమె మన ఆఫీసులో పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంటుంది. మాటలు సరళం, సంభాషణలు ఎక్కువ, కథ ఎక్కడా ఆగదు. సీరియల్‌గా వచ్చిన నవలలకు ఆ గుణం ఉంటుంది, ప్రతి కొన్ని పేజీలకూ ఒక చిన్న మలుపు. ఆగిపోయిన చదువును మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు అది పెద్ద సాయం.

‘వేయిపడగలు’ వచ్చే చలికాలానికి ఉంచుకోండి. అప్పుడు దాన్ని చదివే తీరు కూడా చెబుతాను. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ నవలను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ కోసం 1934లో 29 రోజుల్లో, తాను చెబుతుంటే తమ్ముడు రాయగా పూర్తి చేశారు. అంటే అది నోటితో చెప్పిన నవల. కళ్లతో పరుగెత్తితే వాక్యాలు అడ్డం పడతాయి, పైకి చదివితే దారికొస్తాయి. మా ఊళ్లో ఒక రైసు మిల్లు గుమాస్తా గారు దాన్ని రోజూ రాత్రి భోజనాలయ్యాక భార్యకు చదివి వినిపించేవారు. రెండు వారాల గడువు చాలక మళ్లీ మళ్లీ రెన్యువల్ చేయించుకున్నారు, చివరికి పూర్తి చేశారు. ఆవిడే తర్వాత లైబ్రరీకి వచ్చి ఆ నవలలోని ఊరు సుబ్బన్నపేట గురించి నాకు చెప్పింది, తను పుట్టిన ఊరి గురించి చెప్పినట్టు.

మీ సంచి విషయానికొద్దాం. ఒక సెలవు రోజు అన్నీ మంచం మీద పోయండి. ఒక్కోటీ తీసి మొదటి పేజీ, తర్వాత యాభయ్యో పేజీ దగ్గర తెరిచి రెండు పేజీలు చదవండి. మొదటి పేజీని ప్రతి రచయితా శ్రద్ధగా రాస్తారు. యాభయ్యో పేజీలో కూడా మీకు మూడో పేజీ తిప్పాలనిపిస్తే ఆ పుస్తకం ఇప్పుడు మీకు పనికొస్తుంది. అనిపించకపోతే పక్కన పెట్టండి. వెనక అట్ట మీద రాసింది చూసి నిర్ణయించకండి.

ముందుమాటలు చివర్లో చదవండి. మన తెలుగు పుస్తకాల్లో ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు నలుగురు పెద్దలు ముందుమాటలు రాస్తారు. అందులో ఎవరో ఒకరు కథంతా చెప్పేస్తారు, ఇంకొకరు ఈ రచనలోని సామాజిక నేపథ్యం గురించి పది పేజీలు రాస్తారు. అవి విలువైనవే. కానీ కథ తెలియకుండా చదివితే సగం అర్థం కావు, చదివాక కథలో ఆశ్చర్యం మిగలదు. మా లైబ్రరీలో ముందుమాటల దగ్గరే బస్సు టికెట్టు పెట్టి వెనక్కి ఇచ్చిన పుస్తకాలు కూడా ఉన్నాయి.

మధ్యలో ఆపేయడం గురించి కూడా అడిగారు, తప్పా అని. తప్పేం లేదు. కానీ ఎందుకు ఆగారో ఒకసారి చూసుకోండి. ఆసక్తి లేక ఆగడం వేరు, భాష అలవాటు కాక ఆగడం వేరు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి చిత్తూరు యాస కోస్తా వాళ్లకు మొదటి ముప్పై పేజీలు కష్టంగా ఉంటుంది. తెలంగాణ పలుకుబడితో ఉన్న కథలకూ అంతే, శ్రీకాకుళం మాటకూ అంతే. అలాంటి చోట ఆపకండి, ఒక కథ పైకి చదవండి. చెవికి పట్టాక కంటికి కూడా పడుతుంది. ఆ ముప్పై పేజీలు దాటినవాళ్లు ఆ రచయితవి ఇంకేమున్నాయని అడుగుతూ వచ్చారు. భాష తెలిసి కూడా పేజీ తిప్పబుద్ధి కాకపోతే మాత్రం మొహమాటపడకుండా మూసేయండి.

ఒకే తరహావి వెంట వెంట పెట్టుకోకండి. కేశవరెడ్డి గారి ఒక నవల చదివి మనసు బరువెక్కాక వెంటనే ఇంకోటి అందుకున్నవాళ్లు చాలామంది రెండోదాని దగ్గర ఆగిపోయారు. పొద్దు తొందరగా గుంకే రోజుల్లో వరసగా విషాదమే చదివితే మనసుకు మంచిది కాదు కూడా. మధ్యలో హాస్యం పెట్టుకోండి. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం చాలు, ఇల్లంతా కలిసి వినొచ్చు.

ఇంటర్నెట్‌లో దొరికే ‘తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు’ లాంటి జాబితాలు పెద్దలు శ్రమపడి చేసినవే. తెలుగు సాహిత్యంలో ఏమేం ఉన్నాయో తెలుసుకోవడానికి వాటికి మించినవి లేవు. అయితే వాటిని చేసినవాళ్లకు మీ మెట్రో తెలియదు, మీ రాత్రి పదిన్నర తెలియదు. మీలాగే ఉద్యోగం చేస్తూ చదివే స్నేహితులు ఇద్దరుంటే, ఈ మధ్య చివరి దాకా చదివింది ఏంటని వాళ్లను అడగండి. ‘మంచి పుస్తకం చెప్పు’ అని అడిగితే మర్యాద కోసం గొప్ప పేరు చెబుతారు. ‘నువ్వు చివరి దాకా చదివింది’ అంటే నిజం చెబుతారు.

కొనడం గురించి. హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం సాధారణంగా జనవరి మొదట్లో ఉంటాయి. తప్పకుండా వెళ్లండి. పాపను కూడా తీసుకెళ్లండి. చాలామంది ప్రచురణకర్తలు ఒక్కచోట దొరకడం, పేజీలు తిప్పి చూడగలగడం ఏడాదిలో అప్పుడే కుదురుతుంది. కాకపోతే ఈసారి ఆ నాలుగింటిలో రెండైనా పూర్తి చేశాకే వెళ్లండి. అక్కడ కొన్నది ఈ సీజన్‌కు కాదు, ఉగాది తర్వాతకు అనుకుని కొనండి. అక్షరాల సైజు, కాగితం, కుట్టు చూసుకోండి. లావుపాటి పుస్తకానికి కుట్టు లేకుండా ఉత్త జిగురుతో అంటిస్తే మూడోసారి తెరిచేసరికి పేజీలు చేతికొస్తాయి. నలభై దగ్గర పడ్డ కళ్లకు చిన్న అక్షరాలు రాత్రి లైటులో కష్టం, తలనొప్పి వస్తే తప్పు పుస్తకం మీదికి పోతుంది. అనువాదాలైతే అది పూర్తి పుస్తకమో సంక్షిప్తమో లోపలి పేజీలో చూడండి. ‘ఏడు తరాలు’ (అలెక్స్ హేలీ ‘రూట్స్’కు తెలుగు) లాంటి పేరున్న అనువాదం కూడా మూలాన్ని బాగా కుదించి చేసిందే. అది తెలిసి చదివితే ఏ ఇబ్బందీ లేదు.

కొనకుండా చదివే దారి కూడా వదలకండి. మీరు ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు, పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. ఆ డబ్బుతోనే మీ ఊరి లైబ్రరీ నడుస్తుంది. హైదరాబాద్‌లో చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది, అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, సభ్యత్వం తీసుకోవడానికి మంచి సందర్భం. లైబ్రరీ పుస్తకానికి ఒక సుగుణం ఉంది: వెనక్కి ఇవ్వాలి. కొన్న పుస్తకం ఎక్కడికీ పోదు కాబట్టి రేపటికి పడుతుంది. గడువు తారీఖు వేసిన పుస్తకాన్ని జనం ముందు చదువుతారు. నాలుగింటిలో ఒకటైనా లైబ్రరీ నుంచి తెచ్చుకోమని అందుకే అంటాను.

చివరగా మీ పాప గురించి. ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతుందన్నారు. ఆమె వయసుకు తగ్గ పుస్తకం వెతక్కండి, ఆమె తెలుగు చదివే వేగానికి తగ్గది వెతకండి. పదేళ్ల పిల్లకు ఏడేళ్ల పిల్లల బొమ్మల పుస్తకం ఇస్తే చిన్నతనం అనుకోదు, పైగా గబగబా పూర్తి చేసి ఇంకోటి అడుగుతుంది. పెద్ద అక్షరాలు, పేజీకి నాలుగైదు వాక్యాలు, బొమ్మలు. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వాళ్లవి తక్కువ ధరకు దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టండి. బుక్ ఫెయిర్‌లో పాప చేతికి రెండు వందలు ఇచ్చి తనకు నచ్చింది తననే కొనుక్కోనివ్వండి. అది మీకు నచ్చకపోయినా మార్చకండి. ఇంట్లో రాత్రిపూట మీరు ఒక పేజీ, తను ఒక పేజీ పైకి చదవండి. వత్తులు తప్పినా, ‘ళ’ను ‘ల’ అన్నా మధ్యలో ఆపి దిద్దకండి. మీ వంతు పేజీలో ఆ మాట వచ్చినప్పుడు మీరు స్పష్టంగా పలికితే చాలు, తనే సరిచేసుకుంటుంది. లైబ్రరీలో పిల్లల కథల గంట పెట్టినప్పుడు నేను చేసిందీ అదే.